కత్తెర పట్టిన చేతికి మన బాకీ



శనివారం సాయంత్రం మన గ్రామాల్లోని సెలూను దగ్గర ఒకసారి నిలబడి చూడండి. కూలిపని ముగించుకొని వచ్చినవారు, పిల్లలను చెయ్యి పట్టుకొని తెచ్చిన తండ్రులు, మరునాడు ఆరాధనలో వాక్యము చదువవలసిన యౌవనస్థులు బల్లమీద వరుసగా కూర్చొని ఉంటారు. కత్తెర చప్పుడు ఆగదు. క్రిస్మస్ ముందు రాత్రి అయితే చెప్పనక్కరలేదు. మనము ఇండ్లలో నక్షత్రము కట్టుకొని పిండివంటలు చేసుకొంటూ ఉంటే, ఆ సహోదరుడు మాత్రం నిలువుకాళ్ళమీద నిలబడి మన తలలు చక్కబరుస్తూనే ఉంటాడు. తెల్లవారి మనమందరము శుభ్రముగా మందిరములో కూర్చుంటాము. మనలను అలా సిద్ధపరచిన చేతికి ఎంత ఇచ్చాము, ఎలా ఇచ్చాము అని ఎప్పుడైనా ఆలోచించామా?

"ఇది కూడా పత్రికలో వ్రాయవలసిన విషయమేనా అయ్యగారూ?" అని కొందరు నవ్వవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకొన్నవాడినే. కాని చెరసాలలో ఉన్న యోసేపును ఫరో పిలిపించినప్పుడు, అతడు క్షౌరము చేయించుకొని, బట్టలు మార్చుకొని రాజు ఎదుటికి వెళ్ళాడని ఆదికాండము 41:14 చెప్పుచున్నది. అంత పెద్ద సంగతి మధ్యలో ఇంత చిన్న సంగతిని పరిశుద్ధాత్ముడు విడిచిపెట్టలేదు. కాబట్టి మనము కూడా ఈ విషయమును చిన్నదిగా ఎంచకుండా, కొంచెము నిదానముగా చూద్దాము. ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడతాను.

డెబ్బై రెండు ప్రార్థనలు

నేను మొదట పనిచేసిన ఊరిలో ఒక వృద్ధుడు క్షౌరవృత్తి చేసేవాడు. నెలకు రెండుసార్లు తన పొది చంకన పెట్టుకొని పాస్టరు ఇంటికి వచ్చేవాడు. వేపచెట్టు క్రింద పీట వేసి నాకు కటింగు చేసి, గడ్డము గీసేవాడు. మొదటిసారి నేను డబ్బు తీయబోతే, "దైవసేవకుల దగ్గర డబ్బులేంటి అయ్యగారూ, నా కోసం ప్రార్థన చేయండి, చాలు" అన్నాడు. ఆ మాట నాకు ఎంతో ఇంపుగా వినిపించింది. ఆయన తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించి పంపాను. రెండవసారి జేబులో చెయ్యి పెట్టినట్టు చేశాను. మూడవసారి నుండి అదీ లేదు.

అలా మూడు సంవత్సరములు గడిచాయి. ఒకనాడు నా భార్య పప్పు చెరుగుతూ, "ఏమండీ, కూరగాయల గంప తెచ్చే అమ్మకు కూడా ఇలాగే ప్రార్థన చేసి పంపిద్దామా?" అని అడిగింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "నెలకు రెండు, మూడేళ్ళకు డెబ్బై రెండు. మనిషికి ముప్పై రూపాయలు తీసుకొంటాడు. రెండు వేల నూట అరవై" అని లెక్క చెప్పింది. మనుమరాలి బడి ఫీజు కోసం ఆయన వడ్డీకి అప్పు తెచ్చాడని కూడా అప్పుడే చెప్పింది. ఊరందరికీ తెలిసిన ఆ సంగతి, ఆయన తలమీద డెబ్బై రెండుసార్లు చెయ్యి ఉంచిన నాకు తెలియదు.

ఆ సాయంత్రమే రెండు వేల రెండు వందలు పట్టుకొని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఎంతో బ్రతిమాలితే గాని తీసుకోలేదు. తీసుకొని లెక్కపెట్టి, నలభై రూపాయలు నా చేతిలో తిరిగి పెట్టాడు. "అది ఉంచుకో పెద్దాయనా" అన్నాను. "బాకీ తీర్చడానికి వచ్చారు గదయ్యా, బాకీ బాకీయే. ఆ నలభై, పని నచ్చిన రోజున ఇవ్వండి" అన్నాడు. నేను లేచి వస్తూ ఉంటే మెల్లగా మరొక మాట అన్నాడు. "అయ్యగారూ, ఇప్పుడిస్తే అప్పు తీరింది. అప్పుడప్పుడే ఇచ్చుంటే మర్యాద కూడా అయ్యేది."

వేదాంత విద్యలో నేను ఎన్నో పాఠములు చదివాను. బాకీకి, బహుమానమునకు ఉన్న తేడా మాత్రము ఆ అరుగుమీద నేర్చుకొన్నాను. ఈ వ్యాసములో నేను చెప్పదలచినది కూడా అదే. చేసిన పనికి ధర బాకీ. దానిని తగ్గించకుండా, ఆలస్యము చేయకుండా, గౌరవముగా చెల్లించాలి. టిప్పు అనేది ఆ బాకీ తీరిన తరువాత మాత్రమే మొదలవుతుంది.

కళ్ళము దగ్గర గింజలు

మన పెద్దల కాలములో క్షురకునికి ఏ పూటకు ఆ పూట డబ్బు ఇచ్చే పద్ధతి ఉండేది కాదు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి వలె అతడు కూడా ఊరికి పనిచేసేవాడు. సంవత్సరమంతా రైతుల ఇండ్లకు వెళ్ళి క్షౌరము చేసేవాడు. పంట నూర్చినప్పుడు కళ్ళము దగ్గరకు వెళితే అతనికి రావలసిన ధాన్యము కొలిచి ఇచ్చేవారు. దీనిని మేర అనేవారు. పెండ్లిలో డోలు, సన్నాయి వాయించేవారూ చాలా ఊళ్ళలో ఆ కుటుంబాలవారే. కురుపులు కోసి మందు వేసేవారూ వారే. వారి స్త్రీలు మంత్రసాని పని చేసి ఎందరో బిడ్డలను ఈ లోకములోనికి తెచ్చారు.

ఆ పద్ధతిలో ఒక భద్రత ఉండేది, ఒక బానిసత్వమూ ఉండేది. పంట పండితే గింజలు దొరికేవి. కాని కొలిచేవాని చేతిలో కుంచము ఉండేది. ఎవరికి క్షౌరము చేయాలో, ఎవరికి చేయకూడదో కూడా ఆ కుంచము పట్టినవారే నిర్ణయించేవారు.

ఇక్కడ మన సంఘాలకు బాగా తెలిసిన ఒక నొప్పి ఉంది. మన పేటలకు ఊరి క్షురకుడు వచ్చేవాడు కాదు. పేటలోనే ఎవరో ఒకరు కత్తెర పట్టడము నేర్చుకొని చింతచెట్టు క్రింద ఒకరి తల ఒకరు కత్తిరించుకొన్నారు. అంటరానితనమును రాజ్యాంగము 17వ అధికరణము రద్దు చేసింది. 1955లో దీనిని నేరముగా ఎంచే చట్టము వచ్చింది. 1976లో అది పౌరహక్కుల పరిరక్షణ చట్టముగా పేరు మార్చుకొన్నది. కులము చూసి సెలూనులోనికి రానివ్వకపోవుట, పని చేయనని చెప్పుట ఆ చట్టము ప్రకారము నేరము. అయినా ఇటువంటి మాటలు ఇంకా కొన్ని ఊళ్ళ నుండి వినబడుతూనే ఉన్నాయి. అలా జరిగినచోట సంఘము మౌనముగా ఉండకూడదు.

మా సంఘములో ఒక పెద్ద ఈ సంగతిమీదనే నన్ను నిలదీశారు. "మా నాయనను వాళ్ళ గడప తొక్కనివ్వలేదు అయ్యగారూ. ఇవాళ వాళ్ళ మనుమడికి నేను టిప్పు ఇవ్వాలా? వాడడిగిన దానికంటే పది తగ్గించి ఇస్తేనే నాకు తృప్తి." ఆయన కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. ఆ బాధను తేలికగా తీసుకొనే హక్కు నాకు లేదు. మా తాతగారూ ఆ చింతచెట్టు క్రిందివారే.

నేను ఆయనతో ఒక్క మాట మాత్రం అన్నాను. "పెద్దయ్యా, ఆ తాత మన తలను ముట్టుకొని ఉంటే కళ్ళము దగ్గర అతనికి గింజలు ఆగిపోయేవి. అతడు చేసినది న్యాయము కాదు. కాని అతని పిల్లల ఆకలి ఇంకొకరి కుంచములో ఉంది. ఇప్పుడు ఆ మనుమడు మీ భుజముమీద గుడ్డ కప్పి, మీ తల పట్టుకొని పని చేస్తున్నాడు. ఆ పది రూపాయలు తగ్గిస్తే కుంచము మీ చేతిలోనికి వచ్చినట్టు కాదా?" ఆయన ఏమీ అనలేదు. రెండు నెలల తరువాత ఒక ఆదివారము, "టిప్పు మాత్రం ఇంకా ఇవ్వలేదు అయ్యగారూ. కాని బేరం చేయకుండా ఇస్తున్నాను" అన్నారు. అది కూడా దేవుని కార్యమేనని నేను నమ్ముచున్నాను.

వాక్యము ఏమి చెప్పుచున్నది?

మోషే ధర్మశాస్త్రములో కూలివాని కూలి గురించి ఖండితమైన ఆజ్ఞ ఉంది. లేవీయకాండము 19:13 ప్రకారము, ఆ కూలి మరునాటి ఉదయము వరకు మన దగ్గర ఉండకూడదు. ద్వితీయోపదేశకాండము 24:14, 15లో దేవుడు ఇంకా వివరముగా చెప్పాడు. అతడు మన జనములోనివాడైనా, పరదేశియైనా, సూర్యుడు అస్తమించక మునుపే ఇవ్వాలి. ఎందుకంటే అతడు బీదవాడు, ఆ డబ్బుమీదనే ఆశ పెట్టుకొని ఉన్నాడు. అంటే చెల్లించే గడువును మన తీరికనుబట్టి కాక, అతని అవసరమునుబట్టి దేవుడు నిర్ణయించాడు. ఇవ్వగలిగి ఉండి "రేపు రా" అనవద్దని సామెతలు 3:28 హెచ్చరిస్తున్నది. బిగపట్టిన కూలి తానే కేక వేస్తుందనీ, ఆ కేక ప్రభువు చెవికి చేరుతుందనీ యాకోబు 5:4లో చదువుతాము.

మరి ఎక్కువ ఇవ్వడము సంగతి ఏమిటి? మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుని చూడండి. సాయంకాలము చివరిగా వచ్చినవారికి ఆయన కనికరముతో నిండు కూలి ఇచ్చాడు. కాని ఆ కనికరము చూపడానికి ఉదయము వచ్చినవారి కూలిలో పైసా తగ్గించలేదు. వారితో ఒప్పుకొన్నది వారికి ఇచ్చాడు. న్యాయము నిలబడిన నేలమీదనే ఆయన దాతృత్వము నిలబడింది. మనలో కొందరు దీనిని తలక్రిందులు చేస్తాము. వంద రూపాయల పనికి ఎనభై ఇచ్చి, పండుగనాడు ఇరవై చేతిలో పెట్టి "ఉంచుకో" అంటాము. అది టిప్పు కాదు. అతని సొమ్మే అతనికి తిరిగి ఇచ్చి పేరు మనము తెచ్చుకోవడము.

"బక్షీసు" అనే మాటలో కూడా ఒక ప్రమాదము ఉంది. పైన ఉన్నవాడు క్రింద ఉన్నవానికి పడవేసేది అన్న వాసన దానికి అంటుకొంది. క్రైస్తవుడు ఇచ్చే టిప్పు అలాంటిది కాకూడదు. అది ఒక మనిషి నేర్పునకు, ఓర్పునకు మరొక మనిషి చెప్పే కృతజ్ఞత.

కుర్చీలో కూర్చున్న క్రైస్తవుడు

ఇప్పుడు మన కుటుంబాలలో ఆచరించదగిన కొన్ని విషయములు చెబుతాను. నాకు కూడా ఇవి ఒక్కరోజులో అలవాటు కాలేదు.

ఒకటి. కూర్చోకముందే ధర తెలుసుకోండి. కటింగుకు ఎంత, గడ్డానికి ఎంత, రంగు వేస్తే ఎంత అని అడగడము తప్పు కాదు. చాలాచోట్ల ధరల పట్టిక గోడమీదనే ఉంటుంది. పని అయిన తరువాత బేరమాడడమే తప్పు. కత్తిరించిన వెంట్రుకను అతడు తిరిగి అతికించలేడు. అందుచేత అప్పుడు బేరమాడితే అతడు నిస్సహాయుడు.

రెండు. మనిషిని కులము పేరుతో పిలవకండి. వయసులో పెద్దవాడైతే "బాబాయి" అనో "పెద్దాయన" అనో, చిన్నవాడైతే "తమ్ముడూ" అనో పిలవండి. మన పిల్లలు వింటున్నారని మరచిపోవద్దు. "ఒరేయ్" అని పిలిచి తరువాత ఇరవై రూపాయలు ఎక్కువ ఇచ్చినా ఆ పిలుపు చెరిగిపోదు.

మూడు. డబ్బు చేతికి ఇవ్వండి. బల్లమీదికి విసరకండి. అతని చేతికి సబ్బు, వెంట్రుకలు ఉంటే ఒక నిమిషము ఆగండి, లేదా ఎక్కడ పెట్టమంటారో అడిగి పెట్టండి. చొక్కా జేబులో కుక్కవద్దు. మన పెద్దలు నేర్పినట్టు కుడిచేతితో ఇవ్వండి. మత్తయి 6:3లో ప్రభువు నేర్పినట్టు, ఎంత ఎక్కువ ఇచ్చారో ఎడమచేతికి తెలియనివ్వకండి. బల్లమీద కూర్చున్న పదిమంది వినేటట్టు "ఇదిగో, ఇది నీకే!" అనడము అక్కరలేదు.

నాలుగు. చిల్లర తీసుకొని వెళ్ళండి. పొద్దున్నే అంగడి తెరిచిన మనిషికి మొదటి బేరానికే అయిదు వందల నోటు చూపించి, "చిల్లర లేదా? అయితే తరువాత ఇస్తాలే" అనడము మన ఊళ్ళలో బాకీలు పుట్టే దారి.

అయిదు. టిప్పు ఎంత? మన దేశములో దీనికి నియమము లేదు. ఇవ్వకపోతే తప్పు అనీ లేదు. వంద రూపాయల పనికి పదో, ఇరవయ్యో కలిపి ఇస్తే అది చక్కని మర్యాద. కదలకుండా కూర్చోని చంటిబిడ్డకు ఓపికగా పుట్టువెంట్రుకలు తీసినప్పుడు, అంగడి మూసే వేళ మన కోసము మరల దీపము వేసినప్పుడు, క్రిస్మస్ ముందు రాత్రి నిద్రమాని పనిచేసినప్పుడు తప్పక గుర్తుంచుకోండి. ఇవ్వడానికి లేనివారు బాధపడవద్దు. ధర పూర్తిగా చెల్లించి "చాలా బాగా చేశావు తమ్ముడూ" అని చెప్పండి. ఆ మాట కూడా జీతమే.

ఆరు. ఇంటికి పిలిపించినప్పుడు వచ్చిన శ్రమకు వేరుగా ఇవ్వండి. మంచములో ఉన్న తండ్రికి, పక్షవాతము వచ్చిన తాతకు క్షౌరము చేయడము తేలిక కాదు. ఒకరు తల పట్టుకోవాలి, అతడు వంగి పనిచేయాలి. ఆ సమయములో అంగడిలో ఒకరిద్దరు గిరాకీలను పోగొట్టుకొని వచ్చాడు. ఇంట్లో అందరూ తాగే కప్పులోనే అతనికీ టీ ఇవ్వండి. వేరు గ్లాసు బాధ ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఏడు. పని నచ్చకపోతే అక్కడే మెల్లగా చెప్పి సరిచేయించుకోండి. ధర తగ్గించి కసి తీర్చుకోకండి. టిప్పు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టము. ధర మీ ఇష్టము కాదు.

ఎనిమిది. సెలవును గౌరవించండి. మన ప్రాంతాలలో చాలా సెలూన్లకు మంగళవారము సెలవు. విశ్రాంతి దినము విలువ తెలిసిన మనము, ఆ రోజున అతని ఇంటి తలుపు తట్టి "ఒక్క గడ్డమే గదా" అనకూడదు.

నోటా, ఫోనా?

2016లో యూపీఐ వచ్చిన తరువాత చెల్లించే పద్ధతి మారిపోయింది. ఇప్పుడు చిన్న ఊరిలోని సెలూనులో కూడా అద్దము ప్రక్కన స్కానరు బొమ్మ అంటించి ఉంటుంది. ఇది మేలైన సాధనమే. చిల్లర బాధ తప్పింది. కాని ఇందులో కూడా ధర్మము ఉంది.

మొదటిది, ఆ డబ్బు ఎవరి ఖాతాకు వెళ్తుందో గమనించండి. స్కానరు సాధారణముగా అంగడి యజమానిది. మీకు కటింగు చేసిన అబ్బాయి జీతానికో, వాటాకో పనిచేస్తూ ఉండవచ్చు. ధరకు టిప్పు కలిపి ఒకేసారి పంపితే ఆ పది రూపాయలు అతనికి చేరకపోవచ్చు. కాబట్టి ధరను స్కానరుకు పంపి, టిప్పును నోటుగా అతని చేతికే ఇవ్వండి. నోటు లేకపోతే అతని సొంత నంబరు అడిగి పంపండి. యజమానే పనిచేసినచోట ఈ చిక్కు లేదు.

రెండవది, డబ్బు చేరిందో లేదో అతడు చూసుకొనేవరకు నిలబడండి. నెట్‌వర్కు సరిగా లేనప్పుడు "పంపేశాను, వస్తుందిలే" అని బండి ఎక్కి వెళ్ళిపోకండి. తిరిగి మన ఖాతాలోనికే వచ్చేస్తే, ఆ సంగతి మనకే తెలుస్తుంది, అతనికి తెలియదు. అప్పుడు మరల వెళ్ళి ఇచ్చేవాడే క్రైస్తవుడు. యౌవనస్థులారా, పాత చెల్లింపు బొమ్మను చూపించి నవ్వుకొంటూ వెళ్ళడము తమాషా కాదు, దొంగతనము.

మూడవది, పంటమీద, నెలమీద ఇచ్చే ఖాతా పద్ధతి ఇంకా కొన్ని ఊళ్ళలో ఉంది. ఇద్దరూ ఒప్పుకొంటే అందులో పాపము లేదు. కాని లెక్క ఇద్దరి దగ్గరా ఉండాలి. ఒప్పుకొన్న రోజున అతడు అడగకముందే ఇవ్వాలి. అడిగించుకొని ఇవ్వడము సగము అవమానము.

అంగడి మూసిన రోజులు

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు సెలూన్లు మూతపడ్డాయి. ఇంట్లో భార్యలు, అన్నదమ్ములు కత్తెర పట్టుకొన్నారు. ఆ తలలను చూసి మనము నవ్వుకొన్నాము. కాని వారాల తరబడి ఒక్క రూపాయి రాని ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మరల తెరిచిన తరువాత కూడా మనుషులను ముట్టుకొని చేసే పని గనుక, భయముతో చాలామంది వెళ్ళలేదు.

మా సంఘములోని ఒక సహోదరుడు, ట్రాక్టరు తోలుకొని బ్రతికేవాడు, అంగడి తెరిచిన మొదటి వారములోనే వెళ్ళాడు. కటింగు ధర ఇచ్చి, దానితోపాటు మూసి ఉన్న రోజుల్లో తాను చేయించుకొని ఉండవలసిన రెండు కటింగుల డబ్బును కూడా ఇచ్చాడు. "ఇది దానం కాదన్నా. నీ దగ్గరకు రావలసిన డబ్బు నా దగ్గర ఆగిపోయింది" అన్నాడట. ఆ మాట అతడు నాకు చెప్పలేదు. సెలూను సహోదరుడే నాకు చెప్పాడు. నేను ఆ సంవత్సరము చేసిన ప్రసంగములన్నిటికంటే ఆ మాట పెద్ద ప్రసంగము.

"వాళ్ళకు ప్రభుత్వము ఇస్తున్నది గదా" అనేవారు కూడా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో జగనన్న చేదోడు పథకము క్రింద క్షౌరవృత్తివారికి, రజకులకు, దర్జీలకు సంవత్సరానికి పదివేల రూపాయల సహాయము మొదలుపెట్టారు. తెలంగాణలో 2021 ఏప్రిల్ 1 నుండి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ప్రకటించారు. ప్రభుత్వము చేసినది ప్రభుత్వపు ధర్మము. అది మన బాకీని ఒక్క రూపాయి కూడా తగ్గించదు.

దూరదేశములో ఉన్న మన పిల్లలకు

మన గ్రామాల నుండి చదువుకొని విదేశాలకు వెళ్ళిన పిల్లలు కూడా ఈ పత్రిక చదువుతున్నారు గనుక ఒక మాట. అమెరికాలో క్షురకునికి ధరమీద నూటికి పదిహేను నుండి ఇరవై వరకు టిప్పు ఇవ్వడము వాడుక. అక్కడి పనివారు దానిని రాబడిలో భాగముగా ఎంచుకొంటారు. "మా ఊళ్ళో ఇలా లేదు" అని తప్పించుకోకండి. జపానులో అయితే టిప్పు ఇచ్చే అలవాటు లేదు. ఇస్తే వారు ఇబ్బంది పడతారు. అక్కడ మర్యాదగా తల వంచి కృతజ్ఞత చెప్పడమే టిప్పు. ఏ దేశములో ఉన్నా మన ఇష్టముకంటే ఎదుటివాని గౌరవము ముఖ్యము. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మాత్రము డాలర్ల లెక్క చెప్పి అయిదు వందలు చేతిలో పెట్టి గొప్ప చూపకండి. చిన్నప్పుడు మీ తల కత్తిరించిన ఆ పెద్దాయన దగ్గర పది నిమిషాలు కూర్చొని మాట్లాడి, ఆపైన ప్రేమతో ఇవ్వండి.

తోటి సేవకులకు

చివరిగా నాతోటి పాస్టర్లకు, సంఘపెద్దలకు ఒక మనవి. మన స్థానము చూసి జనులు పనిని ఉచితముగా చేసిపెడతారు. అది వారి ప్రేమ. కాని పొరుగువానిచేత కూలి ఇవ్వకుండా పని చేయించుకొనేవానికి శ్రమ అని యిర్మీయా 22:13లో దేవుడు చెప్పాడు. ఆ మాట రాజు గురించి చెప్పబడింది. రాజుకే మినహాయింపు లేనప్పుడు మనకు ఎక్కడిది?

దావీదు సంగతి జ్ఞాపకము చేసుకోండి. 2 సమూయేలు 24వ అధ్యాయములో అరౌనా తన కళ్ళమును, ఎద్దులను ఊరకనే ఇస్తానన్నాడు. దావీదు ఒప్పుకోలేదు. వెల ఇవ్వనిదానిని దేవునికి బలిగా అర్పించనని చెప్పి, యాభై తులముల వెండి చెల్లించాడు. వేపచెట్టు క్రింద కూర్చున్న మూడు సంవత్సరములు నేను ఈ అధ్యాయమును చదివాను, ప్రసంగించాను కూడా. నా తలను మాత్రం వెల ఇవ్వకుండానే ప్రసంగవేదిక ఎక్కించాను.

ఎవరైనా ఎంతో ప్రేమతో ఒక్కసారి వద్దంటే, ఆ ప్రేమను త్రోసివేయనక్కరలేదు. కృతజ్ఞతతో తీసుకోవచ్చు. కాని ఒక్కసారి చూపిన ప్రేమను ప్రతినెలా కట్టే పన్నుగా మార్చకూడదు. ప్రార్థన చేయండి, తప్పక చేయండి. ప్రార్థన డబ్బుకు బదులు కాదు. డబ్బు ఇచ్చి, ఆపైన ప్రార్థించండి. అప్పుడు ఆ ఇంటి అవసరత ఏమిటో కూడా తెలుసుకొని ప్రార్థించగలము.

ఆ పెద్దాయన తిరిగి ఇచ్చిన నలభై రూపాయలు ఆ రాత్రి నా బైబిలులో పెట్టుకొన్నాను. రెండు వారాల తరువాత ఆయన వచ్చినప్పుడు ముప్పై రూపాయలు చేతిలో పెట్టాను. గడ్డము తడుముకొని, "పని చాలా బాగుంది పెద్దాయనా" అని ఆ నలభైలో నుండి పది తీసి ఇచ్చాను. ఈసారి ఆయన లెక్కపెట్టలేదు. కళ్ళకద్దుకొని, "ఇది తీసుకొంటానయ్యా" అన్నాడు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. ఈ నెలలో మన ఇంటికి పనిచేసిన వారిలో ఎవరికైనా బాకీ ఉన్నామా? రోమా 13:7, 8 చదివి, పేరు పేరున జ్ఞాపకము చేసుకోండి.

2. మన పిల్లలు క్షౌరవృత్తి చేసేవారిని, ఇతర వృత్తులవారిని ఏమని పిలుస్తున్నారు? ఆ పిలుపు ఎవరి దగ్గర నేర్చుకొన్నారు?

3. పాత అవమానము ఏదైనా మన హృదయములో ఉండి, నేటి మనిషి కూలిలో కోతగా మారుచున్నదా?

4. వచ్చే శనివారము సెలూనుకు వెళ్ళేవారు ఎవరు? ధరకు సరిపడ చిల్లర, వీలైతే దానిమీద ఒక పది రూపాయల నోటు ఇప్పుడే విడిగా తీసి పెట్టండి.

ప్రభువు మన చేతులను న్యాయముగల చేతులుగా, ఆపైన ఉదారమైన చేతులుగా చేయును గాక. ఆమేన్.